కడసారి చూసినవాడు

"ఆ డ్రోను ఎంతుంటాదప్పా?" మగ్గం ముందు నుంచి లేవకుండానే అడిగింది కస్తూరమ్మ.

సరిహద్దులో ఆమె కొడుకు వీరేష్‌తో కలిసి పనిచేసిన సిపాయి జోయల్. డ్రోను దాడిలో వీరేష్ పోయాక సెలవు దొరకగానే ఎమ్మిగనూరు వచ్చాడు.

"మూరెడుంటాదమ్మా. గొట్టంలోంచి ఎగరేస్తారు. పైన తిరుగుతా ఎతుకుతాది. మనిషి కనపడితే మీద పడి పేలతాది."

"దానికి కండ్లుంటాయా?"

"కెమెరా ఉంటాదమ్మా. ఎగరేసినోడు దూరంగా కూర్చోని తెర మీద సూస్తాంటాడు."

"మావోడు అప్పుడేం సేస్తాండె?"

"తడిసిన బూట్లు ఎండలో పెడతాండె. శబ్దమొచ్చి తలెత్తినాడు. నేను ఎనకాల బంకరులో ఉంటిని. నాకు వీపే కనపడింది."

"ఎగరేసినోనికి?"

"మొగం కనపడింటాదమ్మా."

"వాని సేతులు పడిపోను!" గోడవారగా కూర్చున్న భర్త బసవన్న ఏడ్చేశాడు.

కస్తూరమ్మ మాత్రం తిట్టలేదు.

"మాకు శవపెట్టె తెరిసి సూపించలేదు. కడాకు నా కొడుకు మొగం సూసింది వాడొక్కడే" అంది. "వాడు యాడన్నా ఎదురుపడితే, మా వీరేష్ భయపడినాడా అని అడగాల."