ఏడోసారి కడిగిన నీళ్లు

డిస్టిల్డ్ వాటర్ క్యాను మళ్లీ ఖాళీ.

వాసవికి అరిచే ఓపిక కూడా లేదు. ఐదేళ్ల పీహెచ్‌డీ ఆమెను పీల్చి పిప్పి చేసింది.

"నీళ్లేవండీ, పెద్దిరాజు గారూ?"

ల్యాబ్ అటెండరు పెద్దిరాజు తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"కడగడానికి వాడానమ్మా."

"గాజు సామాను కడగడానికి కుళాయి నీళ్లు చాలవా?"

ఏదో చెప్పబోయి, ఆమె మొహం చూసి ఖాళీ క్యాను అందుకున్నాడు.

వేరుశెనగ తొక్కల్ని బొగ్గు చేసి, దానికి ఆమ్లం పట్టించి, ఆ బొగ్గుతో రసాయన చర్యలు నడిపించడం వాసవి పరిశోధన. పనయ్యాక వడగట్టి మళ్లీ వాడుకోవచ్చు. యమునలోకి చుక్క ఆమ్లం పోదు.

తొక్కలు తెచ్చేది పెద్దిరాజే. ఢిల్లీ ధౌలా కువాన్ బస్టాపులో పల్లీల బండి కింద ఏరి తెచ్చేవాడు. చెత్త ఏరడానికి చదువెందుకు అనుకునేది వాసవి.

ఆ వారమే ఆమె ఫిర్యాదు రాసిచ్చింది. పెద్దిరాజుకు మెమో ఇచ్చి లైబ్రరీకి మార్చారు.

తర్వాత తొక్కలు తనే ఏరుకొచ్చింది. తొంభై రెండు శాతం ఉండే దిగుబడి ముప్ఫైకి పడిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ ముప్ఫైయే. ఫెలోషిప్పు చూస్తే 2008 మార్చితో ఆఖరు.

"పాత అంకెలు నిజమేనా, వాసవీ?" గైడు రాధాకృష్ణమూర్తి గారు నెమ్మదిగా అడిగారు.

ఆమెకు ఏడుపొచ్చింది.

పాత తొక్కలేమైనా మిగిలాయేమోనని అలమరా అంతా గాలించింది. అడుగు అరలో పాలపొడి డబ్బా, నిండా తొక్కలు. మూత కింద గుండ్రటి తెలుగు అక్షరాలతో ఓ కాగితం.

"బండివాడు పల్లీలు ఉప్పులో వేయిస్తాడమ్మా. ఉప్పుంటే మీ బొగ్గు పనిచేయదని మొదటిసారే చూశాను. కుళాయి నీళ్లలోనూ ఉప్పుంటుంది, అందుకే డిస్టిల్డ్ వాటర్‌తో ఏడుసార్లు కడుగుతాను. ఆఖరి నీళ్లలో సిల్వర్ నైట్రేటు చుక్క వేస్తే తెల్లబడకూడదు, తెల్లబడితే ఇంకా ఉప్పున్నట్టే. ముప్ఫయ్యేళ్లుగా పిల్లలు ప్రాక్టికల్స్‌లో చేస్తుంటే చూసిందే. ఈ డబ్బా ఆఖరిది. ఇకమీద మీరు కడుక్కోండి."

వాసవి లైబ్రరీకి పరుగెత్తింది.

పెద్దిరాజు గారు డిసెంబరులోనే రిటైరై ఊరు వెళ్లిపోయారట. మెమో ఉందని వీడ్కోలు సభ కూడా పెట్టలేదట.

డబ్బాలోని తొక్కలతో దిగుబడి మళ్లీ తొంభై రెండుకు చేరింది.

థీసిస్‌లో తయారీ విధానం రాయడానికి కూర్చున్న వాసవి కలం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది: ఆ ల్యాబులో ఉన్న అసలు కెమిస్టును, నీళ్లు వృథా చేస్తున్నాడని తనే పంపేసింది.