ఎండ పడే కుర్చీ

టైలర్‌గారు కిటికీలోంచి చూసేసరికి ఆయన కుర్చీలో వియ్యంకుడు కూర్చుని ఉన్నాడు!

ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? ఆ పేము కుర్చీ టైలర్‌గారిది. గంటసేపు బేరమాడి కొన్నది ఆయన. దాని మీది దిండు, మిగిలిపోయిన గుడ్డముక్కలు కలిపి తన మిషన్ మీద తానే కుట్టుకున్నది. కుర్చీ సంగతి అలా ఉంచండి, అది వేసిన చోటుంది చూశారూ, దానికి వెల కట్టలేం. చలికాలం వస్తే ఆ తోటలో పొద్దుటి ఎండ పడేది అక్కడొక్కచోటే. ఎదురింటి నీళ్ళ ట్యాంకు దాటి, జామచెట్టు సందులోంచి దిగి, బంతిమొక్కల పక్కన చాపంత మేర పరుచుకుంటుంది. మిగతా తోటంతా వణుకే. ఇంకో కుర్చీ వేద్దామన్నా అది నీడలోనే పడుతుంది.

ఆ చాపంత ఎండలో వియ్యంకుడు కాళ్ళు బారజాపుకుని కాఫీ ఊదుకుంటూ తాగుతున్నాడు. మధ్యమధ్యలో చెయ్యి చాచి లేత బఠాణీకాయ తెంపడం, ఒలవడం, గింజలు ఒక్కొక్కటే నోట్లో వేసుకోవడం. దర్జా చూడాలి!

"ఏమ్మా, మీ నాన్న నిన్ననేగా వచ్చింది? అప్పుడే నా కుర్చీ ఎక్కేశాడే!" అన్నారు టైలర్‌గారు, కాఫీ తెచ్చిన కోడలితో.

"పెద్దాయన్ని పట్టుకుని లెమ్మని ఎలా అననండీ మావయ్యగారూ? రేపు మీరే ముందెళ్ళి కూర్చోండి" అంది కోడలు, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి.

అక్కడితో టైలర్‌గారికి పంతం పుట్టింది. మర్నాడు తెల్లవారగానే లేచారు. స్వెట్టరు తొడుక్కుని, మఫ్లరు చుట్టుకుని, గోడ పట్టుకుని, కర్ర టకటకలాడించుకుంటూ ఆపసోపాలు పడి వరండా చేరేసరికి కుర్చీ నిండి ఉంది.

"రండి రండి బావగారూ! ఎండ మహా కమ్మగా ఉంది" అన్నాడు వియ్యంకుడు.

తన తోటలోకి తననే రండనడం! టైలర్‌గారికి అరికాలి మంట నెత్తికెక్కింది. అసలు వియ్యంకుడు సినిమాహాల్లో ఆపరేటర్‌గా చేసి రిటైరైన మనిషి. జన్మంతా సెకండ్ షోలు వేసి, బారెడు పొద్దెక్కేదాకా ముసుగుతన్ని పడుకున్నవాడు. అలాంటివాడికి ఈ పెందలకడ మెలకువేమిటో, తన ప్రాణం తియ్యడానికి కాకపోతే!

ఆ సాయంత్రమే టైలర్‌గారు వెళ్ళి కుర్చీలో తన తువ్వాలు పరిచి వచ్చారు. పొద్దున చూస్తే తువ్వాలు జామకొమ్మ మీద, వియ్యంకుడు కుర్చీలో.

"తువ్వాలు కనబడలేదా బావగారూ?"

"కనబడకేం! మా హాల్లో ఇలా కర్చీఫులు వేసినవాళ్ళని ఎంతమందిని చూశానండీ! మాకొకటే రూలు. ముందొచ్చి కూర్చున్నవాడిదే సీటు."

టైలర్‌గారు నీడలో స్టూలు మీద కూర్చుని పళ్ళు పటపటలాడించారు. కోపం కొంత, చలి కొంత. ఆ మాటకొస్తే కోడలు కూడా పార్టీ ఫిరాయించింది. "గదికోసారి, తోటకోసారి తిరగలేనండీ. ఇకమీదట కాఫీ తోటలోనే" అని తేల్చేసింది.

ఇక ఊరుకుంటే పరువేం మిగులుతుంది? టైలర్‌గారు సాయంత్రాలు కూడా గది నుంచి తోటకీ, తోట నుంచి గదికీ తిరిగారు. ఏ మలుపులో ఆలస్యమవుతోందో చూసుకున్నారు. వరండా మెట్లు ఎలా దిగితే తొందరగా దిగొచ్చో నాలుగైదు రకాలుగా దిగి చూశారు. రోజూ కాస్త ముందు వెళుతున్నారు. రోజూ వెంట్రుకవాసిలో ఓడిపోతున్నారు. చివరికి ఒకరోజు కిటుకు తెలిసింది. కొంప ముంచుతున్నది తన కర్రే! దాని చప్పుడు వినబడగానే అవతల గదిలో మనిషి లేచి పరిగెడుతున్నాడు.

మర్నాడు కర్రని మంచం పక్కనే వదిలేశారు. పిల్లిలా గది దాటారు, హాలు సగం దాటారు. అంతలో వెనక తలుపు కిర్రుమంది.

"ఆగండి బావగారూ! ఇది అన్యాయం!"

ఆగుతారా? టైలర్‌గారు పంచె ఎగ్గట్టి పరుగు లంకించుకున్నారు. వరండా, మెట్లు, బంతిమొక్కలు, కుర్చీ! దబ్బున కూలబడ్డారు. వెనకే రొప్పుకుంటూ వచ్చిన వియ్యంకుడు నడుం మీద చేతులేసుకుని నిలబడిపోయాడు.

"ముందొచ్చి కూర్చున్నవాడిదే సీటు" అన్నారు టైలర్‌గారు.

వియ్యంకుడు తల వేలాడేసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

అబ్బ, ఎంత హాయి! ఎండ వీపు మీద పడి మెల్లగా ఎముకల్లోకి దిగుతోంది. బంతిపూల మీద మంచు ఇంకా ఆరలేదు. టైలర్‌గారు కాయ ఒకటి తెంపి, ఒలిచి, గింజ కొరికారు. తియ్యగా ఉంది. కాళ్ళు ఊపుకుంటూ చిన్నపిల్లాడిలా నవ్వుకున్నారు. ఈ మనిషి ఇల్లు కదిలేదాకా కుర్చీ వదిలితే ఒట్టు!

అంతలో వెనకున్న వంటింటి కిటికీలోంచి వియ్యంకుడి గొంతు గుసగుసగా వినిపించింది.

"మోకాలి ఆపరేషనయ్యాక ఇక నడవనే నడవనని మొండికేసి మంచానికే అతుక్కుపోయిన మీ మావగారు ఇవాళ పరుగు లంకించుకున్నారు కదా, ఇకనైనా నన్ను ఇంటికి పంపించేస్తావా తల్లీ?"