చెలకలో దాచిన బిందె

“నీ మొగడు పాతాళం దాంక తవ్వుతడా ఏంది?” అన్నాడు గుర్వయ్య, బావి ఒడ్డున గొంగడి పరుచుకుని కూర్చుంటూ.

సాలమ్మ మోకుతాడు లాగింది. గంపెడు రాళ్లు పైకొచ్చాయి. ముప్పై అడుగుల లోతులో యోహాను గడ్డపార చప్పుడు, ఎక్కడో కలలో వినబడుతున్నట్టు, ఆగి ఆగి వినబడుతోంది. మూడేళ్లుగా ఆమెకు పొద్దున లేచింది మొదలు అదే పాట.

అండాలు దొరసాని భూదానంలో ఇచ్చిన రెండెకరాల మెట్ట చెలక అది. ఇచ్చిన నాడు ఊరంతా చప్పట్లు కొట్టింది గానీ, అందులో మట్టి కన్నా రాయే ఎక్కువని ఎవరూ అనలేదు. మూడేళ్లలో సాగు చేయకపోతే పట్టా ఇంకొకరి పేరుకు పోతుందని పట్వారి మాత్రం మరిచిపోకుండా చెప్పాడు. ఇక రెండు నెలలే గడువు. నీళ్లు పడకపోతే ఆలుమగలిద్దరూ మళ్లీ ఎవరింట్లోనో జీతానికి కుదరాల్సిందే.

“జర ఇటు రా సాలమ్మా, ఒక ముచ్చట చెప్త.” గుర్వయ్య గొంతు తగ్గించాడు. ఒకప్పుడు దొరగారి గొర్లు కాసిన మనిషి. “రజాకార్ల జమానాల రఘుపతి దొర పట్నం పారిపోయే ముందు, రాగి బిందెల బంగారం పోసి గీ చెలకలనే పాతిండు. మోదుగుల చాటున ఉండి నా కండ్లతోని చూసిన. దొర అక్కడనే సచ్చిపోయె. పెండ్లాం అండాలు దొరసానికి చెప్పే మోకా గూడ దొరకలే. సగం మీకు, సగం నాకు.”

“మరి ఇన్నేండ్లు తవ్వకుండ ఏం చేసినవ్ కాకా?”

“ఎట్ల తవ్వుదు? ముందుగాల ఈడ పోలీసు క్యాంపుండె. వాండ్లు లేచిపోంగనే నీ మొగడు దిగె. మూడేండ్లాయె, చెలక ఇడిసి కదిలితే గద! ఆదివారం పూట మీరు కదిలినా, పరాయి చెలకల పట్టపగలు నేనొక్కణ్నే తవ్వితే ఊరు ఊకుంటదా?”

 మధ్యాహ్నం యోహాను పైకొచ్చి జొన్నరొట్టె ముందు కూర్చోగానే సాలమ్మ అంతా చెప్పేసింది.

“దొరసాని మనకు నేల ఇచ్చింది. నేలల దాసింది ఇయ్యలే,” అన్నాడు యోహాను.

“ఎక్కడ పాతిండో గూడ అడగవా?”

“అడగ.”

“రెండు నెలలైతే చెలకనే పోతది!”

“పోతే పోనీ. దొంగసొమ్ముతోని బువ్వ తెచ్చుకొని, దాని ముందట కండ్లు మూసుకొని ప్రార్థన ఎట్ల చేస్తమే? ప్రభువు నీళ్లియ్యనన్నడా? జర ఆలస్యమైతాంది, గంతే.”

అని నిజంగానే కళ్లు మూసుకుని రొట్టె ముందు తల వంచాడు. సాలమ్మకు ఆ రొట్టె అతని నెత్తిన విసిరికొట్టాలన్నంత కోపం వచ్చింది.

ఆ కోపంతోనే వేపచెట్టు నీడలో ఒరిగింది. ఎప్పుడు కన్నంటుకుందో తెలియదు. చెలకంతా తంగేడు పూసింది. ఒక్కో పువ్వూ తుంపితే ఘల్లుమంటోంది. ఒడి నిండింది, చెవులకు బరువైన గంటీలు వచ్చాయి, గుడిసె మీద ఎర్రటి పెంకులు పరుచుకున్నాయి. దాహమేసి బావిలోకి కడవ విడిచింది. నిండా బంగారు కాసులు వచ్చాయి. నోట్లో పోసుకుంటే గొంతు తడవలేదు. మళ్లీ చేదింది, మళ్లీ కాసులే. ఉలిక్కిపడి లేచేసరికి నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. అయినా ఆమెకు గుర్తున్నది దాహం కాదు, చెవుల బరువు.

ఆదివారం వచ్చింది. “నాకు జరమొచ్చింది, నువ్వు పో,” అంది సాలమ్మ. యోహాను ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, రామన్నపేట ఆరాధనకు నడిచాడు. అతను కనుమరుగయ్యాడో లేదో గుర్వయ్య దిగాడు.

మోదుగుల పక్కన తవ్వారు. మన్ను ఇట్టే లేచింది. మోకాలి లోతు, నడుము లోతు, ఛాతీ లోతు. పొద్దు నడినెత్తికొచ్చింది. రాళ్లూ వేర్లూ తప్ప ఏమీ లేవు. గుర్వయ్య తన కళ్లను తానే తిట్టుకుంటూ గొంగడి దులుపుకుని వెళ్లిపోయాడు. సాలమ్మ ఒక్కతే గుంత పూడ్చింది. బంగారం దొరకనందుకు కాదు, నుదుటి మీద ఆ చెయ్యి గుర్తొచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ మర్నాటి నుంచి ఆమె మళ్లీ మోకు లాగింది. నెల గడిచింది. అడుగున నల్లబండ తగిలింది. యోహాను దాని మీద తుమ్మ మొద్దులు పేర్చి మంట పెట్టాడు. బండ ఎర్రగా కాలాక ఇద్దరూ కుండల కొద్దీ నీళ్లు మోసుకొచ్చి గుమ్మరించారు. ఫెళ్లుమని పగిలింది. పొగ తగ్గాక యోహాను దిగి గడ్డపార వేశాడు. ఆ పగులులోంచి, పాలపొంగులా, నీళ్లు తన్నుకొచ్చాయి.

“సాలమ్మా!”

ఆమె తాడు పట్టుకుని జరజరా దిగిపోయింది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి దోసిళ్లతో తాగింది, నవ్వింది, ఏడ్చింది. ఇక దాచుకోలేకపోయింది.

“గా ఆదివారం నాకు జరం రాలే. నేనూ, గుర్వయ్య కాకా బిందె కోసం తవ్వినం.”

“ఎరికే. నీ నుదురు సల్లగ ఉండె.”

“ఏం దొరకలే.”

“ఊఁ.”

అతని మొహంలో కోపం వెతికింది. కనిపించలేదు. ప్రాణం తేలికపడి, ఎప్పటి సాలమ్మే అయిపోయి, మొగుడి మీద నీళ్లు చిలకరించింది.

“దొరకని దానికి నీతులు ఎవరన్న చెప్తరు. ఆ బిందె నిజంగ నీ చేతికే దొరికితే, దొరసానికి తీస్కపోయి ఇస్తుంటివా?”

“మూడేండ్ల కిందనే ఇచ్చిన,” అన్నాడు యోహాను.