జ్యోత్స్న హాజరు

పొద్దున హాజరు తీసుకుంటూ నిఖత్ టీచర్ ఫోన్ కెమెరాను జ్యోత్స్న మొహం ముందు మళ్లీ మళ్లీ పెట్టింది. ఫోను ఆ పిల్లను గుర్తుపట్టలేదు.

జ్యోత్స్న నిన్ననే చిల్పూరు గుట్ట మీద మొక్కు తీర్చుకుని వచ్చింది. నడుము దాకా ఉండే జడ పోయి నున్నటి గుండు మిగిలింది.

"ఏం చేయాలె బిడ్డా, నువ్వు రాలేదని పడ్డది. మీ బాపుకు మెసేజ్ గూడ పోయింది," అంది టీచర్. తొమ్మిదో తరగతి అంతా నవ్వింది. జ్యోత్స్న కూడా నవ్వింది.

తర్వాత టీచర్ ఒక కథ చెప్పింది. రాబోయే కాలంలో ఒక ఊరు. అక్కడ యంత్రం గుర్తుపట్టని మనిషి అందరి మధ్యే తిరుగుతుంటుంది. కానీ ఆమెను ఎవరూ పలకరించరు, ఎవరూ ఇంత అన్నం పెట్టరు.

"గసొంటిది మన దగ్గర అయితదా?" అని అడిగింది.

"కాదు టీచర్!" అని పిల్లలు ఒక్క గొంతుతో అరిచారు. "పక్కనున్నోళ్లు మనకు కనబడరా ఏంది?"

ఒక్క చెయ్యి మాత్రం, అయితదన్నట్టు, పైకి లేచింది. అది జ్యోత్స్నది.

టీచర్ ఆ చెయ్యి వైపు చూసింది. చేతిలోని ఫోను వైపు చూసింది.

"చెయ్యి దించు బిడ్డా," అంది మెల్లగా, బతిమాలుతున్నట్టు. "ఇయ్యాల నువ్వు రాలేదు గదా."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

జ్యోత్స్న చెయ్యి దించింది. పక్కనున్న పిల్ల తన సంచి తీసి, అక్కడ ఎవరూ లేనట్టే, జ్యోత్స్న ఒళ్లో పెట్టింది.