కారు కడిగినంతసేపు

తెల్లవారుతుండగా డ్రైవర్ సురేందర్ తన యజమాని కారును తెచ్చి మేడ్చల్‌లో తమ ఇంటి ముందు ఆపాడు.

"శామీర్‌పేట కాడ కుక్క అడ్డమొచ్చి తాకింది బాపూ, నెత్తురంటింది. సారు లేవకముందే కడగాలె" అంటూ కంగారుగా పొడిగుడ్డ అందుకున్నాడు.

మొగులయ్య కొడుకు చెయ్యి పట్టుకుని ఆపాడు. సుచిత్ర చౌరస్తా దగ్గర ఏళ్ల తరబడి కార్లు కడిగిన మనిషి.

"ఆగు బిడ్డా. దుమ్ము మీద పొడిగుడ్డ పెడితే గీతలు పడ్తయి. ముందుగాల నీళ్లు పొయ్యాలె."

నీళ్లు పోసి దుమ్మును బాగా నాననిచ్చాడు. తర్వాత షాంపూ నురగతో, మెత్తటి బట్టతో, ఒత్తకుండా పైనుంచి కిందికి తుడుస్తూ వచ్చాడు. కొత్త కారు. ఒక్క గీత పడినా కొడుకు ఉద్యోగం పోతుందని అతని భయం.

చివరగా కారు ముందు బంపర్ దగ్గర కూర్చున్నాడు. గడ్డకట్టిన నెత్తురు నానుతుంటే, సందులోంచి ఆకుపచ్చ మట్టిగాజు ముక్క ఊడి అతని అరచేతిలో పడింది.

"కుక్కకు గాజులుంటయారా?"

సురేందర్ కూలబడి ఏడ్చాడు. "ముసలామె బాపూ. పూలగంపతోని రోడ్డు దాటుతాంది. బుగులైంది, ఆపకుండ వచ్చేసిన."

"బతికుండెనా?"

"మూలుగుతుండె."

మొగులయ్య బట్ట విసిరేసి కొడుకును కారులోకి నెట్టాడు. "పోనియ్! జల్దీ పోనియ్!"

వాళ్లు వెళ్లేసరికి రోడ్డు పక్కన జనం మూగి ఉన్నారు. ఒకామె ముసలామె మొహం మీద కొంగు కప్పుతోంది.

"దవాఖానకు తీస్కపోదమని వచ్చినం" అన్నాడు మొగులయ్య.

ఆమె తల అడ్డంగా ఊపింది. "గిప్పటిదాకా పానముండె అన్నా. జర ముందుగాల ఒక్క బండి దొరికినా బతుకుతుండె."