కారుకు కొత్త తొడుగు

"చింపెయ్యండి పాక్. ముక్కలు ముక్కలు చేసెయ్యండి. మళ్లీ నా కంట పడకూడదు!"

ఫెనీ అరుపుకు వీధిలో వెళ్లేవాళ్లు కూడా ఆగి షెడ్డులోకి చూశారు.

కార్ల షెడ్డు నడిపే, వార్సితో అనే పెద్దాయన నవ్వాడు. సోలో అనే ఆ ఊళ్లో పాత కార్లకు లోపలి పనంటే అందరూ ఆయన దగ్గరికే వస్తారు, 'పాక్' అని గౌరవంగా పిలుస్తారు.

"ఆగు నోన్, ఆగమ్మాయ్. పాతది చింపేస్తే కొత్తది దేన్ని చూసి కొయ్యను?"

వెనక తలుపు లోపలి నుంచి ఊడదీసిన ప్యానెల్‌ను పల్చటి ప్లైవుడ్ మీద పరిచి, చుట్టూ పెన్సిల్‌తో గీత గీశాడు. హ్యాండిల్‌కూ క్లిప్పులకూ బెజ్జాలు గుర్తు పెట్టుకున్నాడు. చెమ్మకు ఉబ్బిన అట్ట పొడిపొడిగా రాలుతోంది. దాని మీది ఎర్ర రెగ్జిన్ అడ్డంగా చీలిపోయి ఉంది.

ఆ చీలికను చూస్తేనే ఆమెకు మంట.

తొంభై ఎనిమిది, మే నెల. ఊళ్లో తమలాంటి చీనావాళ్ల దుకాణాలు తగలబడుతున్న రోజు. ఆరేళ్ల ఫెనీని కారు వెనకసీటు కిందికి తోసి, అమ్మ ఆమెకు అడ్డంగా పడుకుంది. అద్దం పగిలింది. లోపలికొచ్చిన కత్తి తలుపు మీది రెగ్జిన్‌ను చీల్చింది. రాయి తగిలి నాన్న స్టీరింగ్ మీదికి ఒరిగిపోయాడు. ఎవడో తలుపు లాగి, నాన్నను పక్కకు నెట్టి, "ఈ కారు నాది! నేను పట్టాను!" అని గావుకేక పెట్టాడు.

ఆ కేక దగ్గరే ఆమె జ్ఞాపకం తెగిపోయింది. కళ్లు తెరిచేసరికి ఆసుపత్రిలో ఉంది. కారు పోలీసులు తెచ్చిచ్చి ఉంటారనుకుంది. ఇంట్లో ఆ రోజు ఊసెత్తితే అమ్మ లేచి వెళ్లిపోయేది.

"మరిచిపో, మరిచిపో అంటారు అందరూ," పళ్లు కొరికింది ఫెనీ. "వాళ్లలో ఒక్కడైనా వచ్చి తప్పయిపోయిందన్నాడా?"

"ఈ కారు ఇంకా ఉందా!"

గుమ్మంలో ఎవరో మనిషి. నెరిసిన జుట్టు, చేతిలో కూరగాయల సంచి.

ఫెనీ గిరుక్కున తిరిగింది. అదే గొంతు.

అతను కారు దగ్గరికొచ్చి పైకప్పు మీద చెయ్యి వేశాడు. "ఇందులో ఓ చిన్న పాప ఉండాలి..."

"ఆ పాపను నేనే. నువ్వు ఆ గుంపులో ఉన్నావు కదూ?"

అతను తల దించుకున్నాడు. "ఉన్నాను నోన్. కానీ..."

చెంప ఛెళ్లుమంది.

"సిగ్గులేదురా నీకు? మళ్లీ ఈ కారు మీద చెయ్యి వేస్తావా?"

అతను చెంప తడుముకోలేదు. "మీ నాన్నగారు బతికారా?" అని మాత్రం అడిగాడు.

"ఎందుకు? మిగిలిన పని పూర్తి చేద్దామనా?"

వార్సితో మధ్యలోకి వచ్చాడు. ఫెనీ ఆయన్ను తోసేసి, పాత ప్యానెల్ అందుకుని అతని మొహాన విసిరింది. దాని ఇనప క్లిప్పు గీరుకుని కనుబొమ చిట్లి రక్తం కారింది.

అతను వంగి దాన్ని తీశాడు. బల్ల మీద పెట్టాడు. సంచి పట్టుకుని వెళ్లిపోయాడు.

"పోలీసులకు ఎందుకు పట్టివ్వలేదా అని ఉంది పాక్," అంది ఫెనీ గుమ్మం వైపే చూస్తూ.

కొత్త ప్యానెళ్లు బిగించాక అమ్మను వెనకసీట్లో ఎక్కించుకుని బయల్దేరింది ఫెనీ. స్పాంజి మీద బిగువుగా లాగి కుట్టిన రెగ్జిన్ నిగనిగలాడుతోంది. అమ్మ దాన్ని అరచేత్తో నిమిరింది.

"ఆ దొంగ దొరికాడమ్మా. 'ఈ కారు నాది' అన్నవాడు. రక్తం వచ్చేలా కొట్టాను."

అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"కారాపు."

"అమ్మా?"

"ఆపమన్నానా! పేరేమిటి? ఎక్కడుంటాడు?"

"అడగలేదు."

"అడగలేదా?" అమ్మ ముందుసీటును దబదబా బాదింది. "వెనక్కి తిప్పు!"

షెడ్డులో వార్సితోకూ తెలియదు. "ఈ పేటవాడు కాదమ్మా. బస్సు దిగి అటుగా వెళ్తూ కారును చూసినట్టున్నాడు. మంచినీళ్లిద్దామని వెనకే వెళ్లాను, కనబడలేదు."

అమ్మ అక్కడే కూలబడింది.

"చచ్చేదాకా వాడి కోసం వెతికాడే మీ నాన్న!"

"నాకెప్పుడైనా చెప్పావా?" ఫెనీ కూడా అరిచింది. "ఒక్క మాటైనా చెప్పావా?"

"ఆ రోజును నోట పలికే ధైర్యం లేకపోయింది నాకు."

"ఏం చెప్పేదానివి? వాడు కారు లాక్కోలేదా? నాది అని అరవలేదా?"

"అరిచాడు," అంది అమ్మ. "ఇది నేను దోచుకున్నది, ఎవడూ ముట్టుకోవద్దని దారి పొడుగునా అరుచుకుంటూ, ఆ గుంపులోంచి మనల్ని ఆసుపత్రి గేటు దాకా తెచ్చి, తాళాలు నా ఒళ్లో పడేసి నడిచి వెళ్లిపోయాడు."