పేరు మార్చిన కుక్క

మేకల మంద ఎదుట గొలుసు విప్పి, నా కుక్కను పిలిచి వెనక్కి రప్పించమన్నాడు జిల్లా అధికారి. వస్తే బ్రతుకుతుంది; రాకపోతే తుపాకీ సిద్ధంగా ఉంది.

మా షోనా పల్లెల్లో పొరుగువారి ముఖాన అనలేని మాటను కుక్కకు పేరుగా పెట్టుకుంటాము. దూడంత ఉండే నా కాపలా కుక్కకు ‘ముచనేత’ అని పెట్టాను. ‘మీరే అలసిపోతారు’ అని దాని అర్థం. ఆ మాట తనను ఉద్దేశించిందేనని ప్రక్కింటి మాయ్ ఫరాయికి తెలుసు. కుక్క తన మేకను కరవగానే ఆమె జిల్లాకు ఫిర్యాదు పంపి, గ్రామపెద్ద వద్దకూ వెళ్ళింది.

"రోజుకు ఇరవైసార్లు గుమ్మంలోకొచ్చి అరుస్తావు. కుక్కను పిలవడానికా బాబాయ్, నన్ను తిట్టడానికా?" అని అందరి ముందు నిలదీసింది.

ఆ పేరు ఇక పలకనని పదిమందిలో ప్రమాణం చేసి, కుక్కకు ‘బోకీ’ అని పెట్టాను. అది వారం క్రిందటి మాట.

ఇప్పుడు గొలుసు విప్పారు. కుక్క మేకలవైపు ఉరికింది.

"బోకీ!" అన్నాను. అది తిరిగి చూడలేదు.

"గట్టిగా పిలవండి పెద్దాయనా! దానికేమైనా చెవుడా?" అన్నాడు అధికారి.

"బోకీ! బోకీ!"

మాయ్ ఫరాయి కంచె పట్టుకొని నన్నే చూస్తున్నది. ఆమె ఎదుట మాట తప్పడానికి నాకు నోరు రాలేదు.

తుపాకీ పేలింది.

నేను గొయ్యి త్రవ్వుతుండగా ఆమె గోనెపట్టా తెచ్చి కుక్కమీద కప్పింది.

"పాత పేరు పెట్టి పిలవకపోయావా, బాబాయ్? నాలుగేళ్ళు ఆ మాట పడ్డదాన్ని. ఇంకొక్కసారి పడితే చచ్చిపోతానా?"